జికా వస్తే ఎవరికి ముప్పు ఎక్కువ: ముందే డెంగీ వచ్చినవారికా, రానివారికా?

డెంగీ, జికా దగ్గరి చుట్టాల్లాంటి వైరస్‌లు, రెండూ ఏడిస్ దోమతో వచ్చేవే, అందుకే పాత డెంగీ యాంటీబాడీలు జికాను అడ్డుకోకపోగా కణాల్లోకి ఇంకా తేలిగ్గా చేరుస్తాయేమోనని ల్యాబ్ ఫలితాలు చూసి చాలామంది టెన్షన్ పడ్డారు. 2015లో బ్రెజిల్ ఈశాన్యంలో జికా వల్ల చిన్న తలతో పిల్లలు పుట్టడం ఎక్కువయ్యాక ఆ భయం ముదిరింది.

కానీ మనుషుల్లో కనిపించింది వేరు. బ్రెజిల్‌లోనే ఉన్న సాల్వడార్ నగరంలో డెంగీ యాంటీబాడీలు ఎక్కువున్నవారికి జికా సోకడమే తగ్గింది. డెంగీ అసలు రాని గర్భిణికి ఆ కాస్త అండ కూడా లేదు, నాకైతే ఆమె గురించే ఎక్కువ బెంగ. అలాగని డెంగీ వచ్చి పోయిందిలే అని ధీమాగా ఉండకూడదు, గర్భం మొదటి మూడు నెలల్లో జికా సోకితే, డెంగీ వచ్చినా రాకున్నా, బిడ్డ మెదడుకు ప్రమాదం ఉంటుంది.

వరుస తిరగబడితే మాత్రం లెక్క మారుతుంది: మధ్య అమెరికా దేశం నికరాగువాలో ముందు జికా వచ్చినవారికి తర్వాత డెంగీ వైరస్ నాలుగు రకాల్లో రెండోది సోకి తీవ్రంగా వచ్చే ముప్పు పెరిగింది.