పదింతల భూతద్దంతో సైలీన్ జాతుల గుర్తింపు: చాలా ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

హన్మకొండలో డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధిస్తూ చాలా ఏళ్లుగా నేను జేబులో పెట్టుకు తిరుగుతున్న పదింతల మడత భూతద్దాన్ని గురించి రాస్తున్నాను. ఒక పరికరం విలువ అది చేసే అత్యంత కష్టమైన పనిలోనే తెలుస్తుంది కనుక, ఈ సమీక్షకు ఇంగ్లిష్‌లో క్యాంపియన్ అని పిలిచే సైలీన్ ప్రజాతిలోని (దగ్గరి జాతుల గుంపులోని) ఏకవార్షిక, అంటే ఒక్క ఏడాదే బతికే, జాతులను ఎంచుకున్నాను. ఎదురెదురు ఆకులు, ఉబ్బిన కణుపులు, తెల్లనివో గులాబీ రంగువో ఐదు ఆకర్షణ పత్రాలు (పూరేకులు) గల ఈ మొక్కలు చూపుకు ఒకే తీరుగా ఉంటాయి. జాతిని తేల్చే లక్షణాలు చాలావరకు పూరేకులను బయటి నుంచి చుట్టి గొట్టంలా కలిసిపోయిన రక్షక పత్రావళి మీద, దాని లోపల ఉంటాయి. మా చెలకల్లో ఈ మొక్కలు నాకు కనబడలేదు. పంజాబ్ గోధుమ పొలాల నుంచి మిత్రులు పంపిన సైలీన్ కోనాయిడియా, నీలగిరుల్లో సేకరించిన సైలీన్ గాలికా, కొన్ని యూరప్ జాతుల ఎండు నమూనాలు నా పనికి ఆధారం.

నా దగ్గరున్నది మూడు గాజులను అతికించి చేసిన లెన్స్. ఒంటి గాజు భూతద్దంలో అంచుల వద్ద గీతలు వంగి, రంగుల చార కనబడుతుంది. ఇందులో ఆ దోషం దాదాపు లేదు. పదింతల లెన్స్‌కు నాభ్యంతరం (స్పష్టంగా కనబడాలంటే వస్తువును ఉంచాల్సిన దూరం) సుమారు 25 మిల్లీమీటర్లు, ఇరవై ఇంతల లెన్స్‌కు అందులో సగమే. ఆ సగం దూరంలో మన తలే వెలుతురుకు అడ్డు వస్తుంది, ఒకేసారి కనబడే మేర కూడా బాగా తగ్గిపోతుంది. అందుకే ఎక్కువ పెద్దగా చూపేది ఎక్కువ మేలైనదన్న అంగడివారి మాటను నేను ఒప్పుకోను. లెన్స్‌ను కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకొని, పువ్వునే లెన్స్ దగ్గరికి తెచ్చి స్పష్టంగా కనబడేచోట ఆపాలి.

సైలీన్ కోనాయిడియా రక్షక పత్రావళి మీద సుమారు 30 ఈనెలు, ఒకదానితో ఒకటి పెనవేసుకోకుండా, కింది నుంచి పైదాకా సమాంతరంగా సాగుతాయి. సైలీన్ గాలికాలో ఉండేవి 10 మాత్రమే. హెర్బేరియం (ఎండు మొక్కలను అతికించి భద్రపరిచే) కాగితానికి అంటుకున్న పువ్వులో ఒక పక్కనే చూడగలం కాబట్టి, విడిపోయిన పువ్వు ఒకటి తీసుకొని, వేడి నీళ్లలో కాసేపు నానబెట్టి, ఒక ఈనె మీద చిన్న సిరాచుక్క పెట్టి, కాడను వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతూ నడిమి భాగంలో లెక్కిస్తాను. చుక్క మళ్లీ ఎదురయ్యే సరికి లెక్క పూర్తవుతుంది. ఈనెల మీది నూగులో ప్రతి వెంట్రుక కొసన మెరిసే గ్రంథి, దానికి అతుక్కున్న దుమ్ము రేణువు సైతం అప్పుడు కనబడతాయి. కాయ ముదిరేకొద్దీ ఈ గొట్టం అడుగున కూజాలా ఉబ్బి పైన సన్నబడుతుంది. దీనికి దగ్గరి బంధువైన సైలీన్ కోనికాకు కూడా 30 ఈనెలే ఉంటాయి గనుక, అక్కడ ఆకర్షణ పత్రం అంచు చూడాలి: కోనికాలో అది నొక్కుపడి ఉంటుంది, కోనాయిడియాలో సాధారణంగా నొక్కు ఉండదు.

కీలాల (అండాశయం మీద నిలిచే సన్నని కాడల) లెక్క మరింత తేలిక, మరింత విలువైనది. గోధుమ పొలాల్లోనే కలిసి పెరిగే వకేరియా అనే మరో మొక్కకు రెండు కీలాలు, ఐదు రెక్కల అంచులున్న నున్నని రక్షక పత్రావళి ఉంటాయి. ఏకవార్షిక సైలీన్లకు సాధారణంగా మూడు కీలాలు, ఎండిన గుళిక (కాయ) విచ్చుకునేచోట ఆరు దంతాలు ఉంటాయి. రాత్రి పూచే ఏకవార్షికమైన సైలీన్ నాక్టిఫ్లోరాను, దానిలాగే తెల్లగా పూచే సైలీన్ లాటిఫోలియా ఆడ మొక్కతో పోల్చినప్పుడు, రెండవదానిలో ఐదు కీలాలు, పది దంతాలు స్పష్టంగా కనబడతాయి. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ కీలాల సంఖ్యను బట్టే సైలీన్‌ను, లిక్నిస్ అనే మరో ప్రజాతిని వేర్వేరు క్రమాల్లో (ఆర్డర్లలో) పెట్టాడు. తర్వాతి వర్గీకరణలు లిక్నిస్‌లోని అనేక జాతులను సైలీన్‌లో కలిపేశాయి. అంటే జాతిని గుర్తు పట్టడానికి ఎంతో గట్టిదైన లక్షణం ప్రజాతులను విడదీయడానికి సరిపోలేదన్నమాట. ఈ తేడాను విద్యార్థులకు పుస్తకం చదివి చెప్పడం కంటే, లెన్స్ చేతికిచ్చి ఐదు కీలాలను చూపించి చెప్పడం నాకు ఎంతో ఇష్టం.

లెన్స్ పరిమితీ స్పష్టమే. మూత్రపిండాకారపు గింజలను, వాటి మీద వరుసలుగా ఉన్న బుడిపెలను ఇది చూపుతుంది గానీ, ఆ బుడిపెల ఆకారం పోల్చాలంటే మైక్రోస్కోప్ తప్పదు. ఫోన్ కెమెరా నమూనా బొమ్మను దాచుకోవడానికి ఉపయోగం. నా ఫోన్‌లోని యాప్ మాత్రం పువ్వు ముఖం చూసి ప్రజాతి దాకా వస్తుంది, ఈనెలు లెక్కపెట్టదు.

చెలకల్లోని ఎర్రమట్టి సన్నని రాపిడి పొడి. లెన్స్‌ను పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి కాబట్టి ముందు ఊది, తర్వాత తడిపిన మెత్తని నూలుగుడ్డ వాడాలి. మడత దగ్గరి మరను ఏటా బిగించాల్సి వస్తోంది, వేసవి చెమటకు పైపూత కొంత లేచింది. గాజు మాత్రం మొదటి రోజులాగే ఉంది. ధర వెయ్యి రూపాయలు దాటినా ఇదే కొనమంటాను. కొన్నవారు ముందుగా వరంగల్ చుట్టుపక్కల రాళ్లనేలల్లో దొరికే, సైలీన్ కుటుంబానికే చెందిన పాలికార్పియా కోరింబోసాతో చేతిని అలవాటు చేసుకోవచ్చు: అందులో రక్షక పత్రాలు వెండిరంగులో, పలుచగా, విడివిడిగా ఉంటాయి, ఆకుల మొదట కాగితంలాంటి చిన్న పొరలు, అంటే పుచ్ఛాలు, ఉంటాయి. ఈ రెండూ సైలీన్‌లో ఉండవు.