రెడ్‌స్టోన్‌లో స్టార్-డెల్టా: కొన్నేళ్లుగా వాడుతున్న ప్యానెల్ పనివాడి సమీక్ష

మైన్‌క్రాఫ్ట్ అనే దిమ్మెల కంప్యూటర్ ఆటలో ఇళ్లు కట్టడం గురించి, జాంబీల గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది. నాకు ఆ ఆటతో పని ఒక్క రెడ్‌స్టోన్ వరకే, అంటే ఆటలో కరెంటు సర్క్యూట్లలాంటివి కట్టుకునే సరంజామా. రాయగడలో మోటార్ రివైండింగు, కంట్రోల్ ప్యానెళ్ల పని నాది. పని నేర్చుకోడానికి వచ్చే ఐటీఐ కుర్రాళ్లు కొందరు ఒడియావాళ్లు, కొందరు మనవాళ్లు. షాక్ కొట్టని బోర్డు ఒకటి ఉంటే బాగుణ్ణని వెతుక్కుంటుంటే ఇది దొరికింది.

లెక్క చాలా తేలిక. నేల మీద రెడ్‌స్టోన్ పొడి చల్లితే అదే వైరు. సిగ్నల్ 15 బలంతో బయల్దేరి గడికొకటి చొప్పున తగ్గిపోతుంది, దారిలో రిపీటర్ పెడితే మళ్లీ 15. రిపీటర్‌తో 0.1 నుంచి 0.4 సెకను దాకా ఆలస్యం కూడా పెట్టుకోవచ్చు. టార్చి మామూలుగా వెలుగుతూ ఉంటుంది, దాన్ని తగిలించిన దిమ్మెకి సిగ్నల్ వస్తే ఆరిపోతుంది. మా మేనల్లుడు అది చూడగానే "మావయ్యా, ఇది మన ఎన్‌సీ కాంటాక్టే కదా!" అన్నాడు. ఎన్‌సీ అంటే మామూలుగా కలిసి ఉండి, సిగ్నల్ వస్తే విడిపోయే కాంటాక్టు. ఇంక వాడికి నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

రెండు సిగ్నళ్లలో ఏది వచ్చినా పనిచేసే ఆర్ గేటుకి రెండు వైర్లు కలిపేస్తే చాలు. రెండూ వస్తేనే పనిచేసే ఆండ్ గేటుకే బుర్ర పెట్టాలి. వరసగా మూడు దిమ్మెలు పెట్టి, రెండు కొసల వాటి మీద టార్చిలు, నడిమి దాని మీద పొడి, దాని పక్కన ఇంకో టార్చి పెట్టాలి. రెండు వైపుల నుంచీ సిగ్నల్ వస్తేనే ఆ పక్క టార్చి వెలుగుతుంది. పుస్తకంలో డీ మోర్గాన్ సూత్రం (రెండూ ఉన్నాయనడం, ఏ ఒక్కటీ లేకుండా పోలేదనడం ఒకటేనని చెప్పేది) బట్టీపట్టిన కుర్రాడికి కూడా అది ఇక్కడే ఒంటపడుతుంది. ఒకదాన్నొకటి ఆర్పుకునేలా రెండు టార్చిలు కడితే లాచ్. స్టార్ట్ బటన్ మీంచి వేలు తీసినా మోటార్ ఆగకుండా ఉంచే హోల్డింగ్ చేసే పని ఇదే.

ఇంతవరకూ ఏ వీడియో చూసినా వస్తుంది. నేను దీన్ని వదలకపోవడానికి కారణం స్టార్-డెల్టా, అంటే పెద్ద మోటార్‌ని ముందు స్టార్ కనెక్షన్‌లో తక్కువ కరెంటుతో మొదలుపెట్టి, వేగం అందుకున్నాక డెల్టాకి మార్చే పద్ధతి. మెయిన్, స్టార్, డెల్టా స్విచ్చులకి గుర్తుగా మూడు దీపాలు పెట్టి, టైమర్‌కి బదులు 0.4 సెకనుకి తిప్పిన రిపీటర్లు వరసగా పేరుస్తాను. పది సెకన్లకి పాతిక రిపీటర్లు. స్టార్ట్ నొక్కితే చక్కగా స్టార్‌లో మొదలై డెల్టాకి మారుతుంది, కుర్రాళ్లు చప్పట్లు కొడతారు. అప్పుడు స్టాప్ నొక్కమంటాను. మెయిన్ ఆరిపోతుంది, డెల్టా దీపం మాత్రం పది సెకన్లూ దర్జాగా వెలుగుతూనే ఉంటుంది. రిపీటర్ రావడాన్నే కాదు, పోవడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది మరి. సరే, డెల్టాని మెయిన్‌తో ఆండ్ చేస్తారు. వెంటనే మళ్లీ స్టార్ట్ నొక్కి చూపిస్తాను. వరసలో ఇంకా పాత సిగ్నల్ ఉంది కాబట్టి మోటార్ నేరుగా డెల్టాలోకి దూకుతుంది! షాపులో ఉండే టైమర్ సప్లై పోగానే సున్నాకి వస్తుందని, ఇది రాదని అప్పుడు అర్థమవుతుంది. స్టార్ట్‌కి ముందు ఇంటర్‌లాక్ (పాత సిగ్నల్ పోయేదాకా స్టార్ట్‌ని ఆపే అడ్డు) ఎందుకు కావాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మారేటప్పుడు ఇంకో చిక్కు. స్టార్‌ని ఆర్పే దారిలో టార్చిలు ఉంటాయి, ఒక్కోటీ 0.1 సెకను తింటుంది. డెల్టా వైరు సూటిగా వెళ్తే రెండూ ఒక్క క్షణం కలిసి వెలుగుతాయి. నిజం ప్యానెల్‌లో అయితే ఫేజుల మధ్య షార్టే. కంటికి ఆనదు కాబట్టి కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో టిక్ ఫ్రీజ్ ఆదేశం వాడాలి. 2023 డిసెంబరులో 1.20.3 వెర్షన్‌తో వచ్చింది. దాంతో ఆటని ఆపేసి, టిక్ స్టెప్ ఆదేశంతో 0.05 సెకను చొప్పున ముందుకి నడిపించొచ్చు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. రెడ్‌స్టోన్ దీపం ఆరడానికి తానే 0.2 సెకను తీసుకుంటుంది, అది లెక్కలోంచి తీసేసి చూడాలి.

ఇక తలనొప్పులు. ఫోన్‌లో ఉండేది బెడ్‌రాక్ ఎడిషన్, అది వేరే లోకం. జావాలో పిస్టన్ (సిగ్నల్ అందితే ముందున్న దిమ్మెని నెట్టేది) తనకి పైనున్న గడికి సిగ్నల్ అందినా కదులుతుంది, బెడ్‌రాక్‌లో అలా లేదు. జావా వీడియో చూసి ఫోన్‌లో కట్టిన పిస్టన్ తలుపు తెరుచుకోకపోతే తప్పు కుర్రాడిది కాదు. కంప్యూటర్‌కి కొంటే రెండు ఎడిషన్లూ కలిసే వస్తాయి, ఫోన్‌కి వేరుగా కొనాలి. సర్క్యూట్ మరీ పొడుగైతే దూరంగా ఉన్న భాగం లోడ్ కాక ఆగిపోతుంది, అందుకే దగ్గర దగ్గరగా కట్టాలి.

రెడ్‌స్టోన్‌తో ప్రాసెసర్లు కట్టినవాళ్లూ ఉన్నారు. గొప్ప సంగతే, మా షాపుకి అక్కర్లేదు.

ఇందులో ఓల్టేజీ లేదు, ఫేజు లేదు, లోడు లేదు. మరీ వేగంగా ఆన్-ఆఫ్ చేస్తే టార్చి కాసేపు కాలిపోతుంది తప్ప, ఎంత తప్పు వైరింగ్ చేసినా ఏ ఫ్యూజూ పోదు. కాబట్టి మోటార్ ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే నేర్పాలంటే ప్యానెల్ దగ్గరికే. లాజిక్ వరకైతే నాలుగు నక్షత్రాలు. ఐదోది రెండు ఎడిషన్లూ ఒకేలా నడిచిన రోజున ఇస్తాను. డబ్బు పెట్టలేని కుర్రాళ్లకి నేను చెప్పేది లువాంటీ అనే ఇలాంటి ఆటే, మొన్నటిదాకా మైన్‌టెస్ట్ అనేవారు. అది ఉచితం, అందులో మెసికాన్స్ అనే మాడ్ (ఆటకి తగిలించుకునే అదనపు భాగం) వేసుకుంటే గేట్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి. మా దగ్గరికి వస్తే మాత్రం ముందు టార్చిలతోనే కట్టిస్తాను.