ఐస్ హాకీలో గజ్జల గాయం: ఫిజియో, కైరో రెండూ వాడి చూశాక

ముందే చెప్పేస్తాను. నన్ను మళ్లీ ఐస్ మీదకి పంపింది ఫిజియోథెరపీ. కైరోప్రాక్టర్ (వెన్నునీ కీళ్లనీ చేత్తో తోసి వైద్యం చేసేవాళ్లు) దగ్గర కూడా నాకు మేలు జరిగింది, కానీ అది వేరే రకం మేలు. ఆ తేడా తెలియక రెండు నెలలు, 500 డాలర్ల ఇన్సూరెన్స్ పోగొట్టుకున్నాను. చలికాలం వచ్చిందంటే ఇక్కడ మనవాళ్లు, ముఖ్యంగా కొత్తగా చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, సరదాగా స్కేట్స్ కట్టుకుని బయల్దేరతారు. వాళ్లలో ఒక్కరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మేం ఉండేది కెనడాలో, ఒటావాలో. రిడో కెనాల్ గడ్డకడితే ఊరి మధ్య నుంచి 7.8 కిలోమీటర్ల పొడవునా స్కేటింగే. తిరుపతిలో పుట్టి పెరిగిన నేను ముప్పై దాటాక ఆ కెనాల్ మీదే నిలబడడం నేర్చుకున్నాను. 2022-23 చలికాలంలో మంచు సరిగ్గా కట్టక కెనాల్‌ని అసలు తెరవలేదు. 1970-71లో మొదలైనప్పటి నుంచి అలా జరగడం అదే మొదటిసారి. కాళ్లు ఊరుకోక ఇండోర్ రింక్‌లో ఆడవాళ్ల బిగినర్స్ హాకీలో చేరాను. ఫిబ్రవరిలో ఒక రోజు పక్ (ఐస్ హాకీలో బంతి బదులు వాడే బిళ్ల) అందుకోవాలని ఎడమ కాలు బాగా పక్కకి తోసి, వెంటనే లోపలికి లాక్కోబోయాను. గజ్జల దగ్గర పాత గుడ్డ చిరిగినట్టు అనిపించింది. పడలేదు, ఎవరూ ఢీకొట్టలేదు. కానీ బెంచీ దాకా రావడానికి రింక్ చుట్టూ ఉండే బోర్డ్స్ పట్టుకోవాల్సి వచ్చింది.

నడిచేటప్పుడు కాలు ముందుకీ వెనక్కీ ఆడుతుంది. స్కేటింగ్‌లో ప్రతి అడుగూ పక్కకి తోయడమే. అలా పక్కకి పోయే కాలిని ఆపి మళ్లీ లోపలికి తెచ్చేవి తొడ లోపలి కండరాలు. ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క బిగుసుకోవాలి. రోజూ ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తే నాకు ఆ కండరాలు ఎంత బలహీనంగా ఉన్నాయో అప్పటిదాకా తెలియలేదు.

ఎక్కడ నొప్పో అమ్మకి ఫోన్‌లో చెప్పడానికి కూడా మొహమాటం. "తొడ పట్టేసింది" అన్నాను. "అక్కడ పుత్తూరు కట్టు కట్టేవాళ్లు ఎవరూ లేరా అమ్మా?" అని అడిగింది. ఈ మొహమాటమే మొదటి వారం నన్ను దెబ్బతీసింది. ఎవరికీ చూపించకుండా, పట్టేసింది కదా సాగదీస్తే వదులుతుందని పొద్దునా సాయంత్రం బద్ధకోణాసనం (అరికాళ్లు కలిపి మోకాళ్లు పక్కలకి వాల్చేది) వేశాను. చిరిగిన కండరాన్ని నేనే ఇంకాస్త లాగానన్నమాట. వారం తిరిగేసరికి కారు ఎక్కాలంటే ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకోవాల్సి వచ్చింది. ఇలాంటి గాయమైతే మొదటి రోజుల్లో దయచేసి సాగదీయకండి.

తర్వాత ఆఫీసులో ఒకరు చెబితే ఒక కైరోప్రాక్టర్ క్లినిక్‌కి వెళ్లాను. మొదటి రోజే నడుముకి ఎక్స్‌రే తీశారు. వెన్ను వరుస తప్పిందన్నారు, 36 సిట్టింగ్‌ల ప్యాకేజీ కాగితం ముందు పెట్టారు. నా నొప్పి ఉన్న చోట ఎవరూ చెయ్యి పెట్టి చూడలేదు. ప్యాకేజీ తీసుకోలేదు కానీ రెండు నెలలు వెళ్లాను. పక్కకి తిప్పి ఒక్క తోపు తోస్తే నడుములో టపటపా మోగేది. మెటికలు విరిచినట్టే ఉంటుంది, అదీ ఇదీ ఒకటే: కీలు మధ్య ద్రవంలో గ్యాస్ వల్ల వచ్చే చప్పుడు. ఎముక ఏదో పక్కకి పోయి మళ్లీ చోటుకి రావడం కాదు. బల్ల దిగగానే ఒళ్లు తేలికయ్యేది. ఆ సాయంత్రానికి గజ్జల్లో నొప్పి అక్కడే ఉండేది. ఉండదా మరి, కండరం చిరిగితే వెన్ను విరిస్తే ఎలా తగ్గుతుంది?

ఏప్రిల్ చివర్లో ఫిజియో దగ్గరికి వెళ్లాను. ఒంటారియోలో దీనికి డాక్టర్ చీటీ అక్కర్లేదు. ఆవిడ మొదటి ఇరవై నిమిషాలు ప్రశ్నలే అడిగింది. ఆ తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, రెండు మోకాళ్ల మధ్య తన పిడికిలి పెట్టి "నొక్కండి" అంది. నొక్కగానే ప్రాణం పోయినంత పనైంది. "ఇదే మన కొలబద్ద. ప్రతిసారీ దీన్నే చూద్దాం" అంది. రెండో గ్రేడ్ చిరుగు, అంటే కండరం కొంతమేర చిరిగింది అని చెప్పింది. తర్వాత అరచేతిలో పట్టే చిన్న మీటర్‌తో కాలిని లోపలికి నొక్కే బలం, బయటికి తోసే బలం విడివిడిగా కొలిచింది. ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్) ఆటగాళ్ల మీద 2001లో వచ్చిన ఒక పరిశోధన గురించి అప్పుడే విన్నాను. లోపలికి నొక్కే బలం బయటికి తోసే బలంలో 80 శాతం కన్నా తక్కువ ఉన్నవాళ్లకి ఈ గాయమయ్యే అవకాశం 17 రెట్లు ఎక్కువ ఉందట. నా ఎడమ కాలికి వచ్చింది 58 శాతం.

ఇంటికి ఇచ్చిన పని చూస్తే మొదట నిరాశ వేసింది. మోకాళ్ల మధ్య వాలీబాల్ అంత బంతి పెట్టుకుని ఐదు సెకన్లు మెల్లగా నొక్కాలి, వదలాలి. పదిసార్లు. రోజుకి మూడు విడతలు. నొప్పి పదికి మూడు దాటకూడదు. ఇంతేనా, దీనికి 115 డాలర్లా అనుకున్నాను. నాలుగో వారంలో కారులో కాలు దానంతట అదే లోపలికి వచ్చింది. ఇంటికొచ్చి మా ఆయనకి చూపించడానికి మూడుసార్లు కారెక్కి దిగాను.

అక్కడి నుంచి పక్కకి పడుకుని కింది కాలు ఎత్తడం, చెక్క నేల మీద సాక్స్‌తో కాలు పక్కకి జార్చి లాక్కోవడం. ఈ రెండోది అచ్చం స్కేటింగే. చివరికి కోపెన్‌హేగెన్ ప్లాంక్. ఒక మోచేతి మీద పక్కకి వాలి, పై కాలు సోఫా మీద పెట్టి, ఆ కాలి లోపలి కండరం బలంతోనే ఒంటిని పైకెత్తాలి. మొదటిసారి మూడు సెకన్లు ఆగాను. ఆగస్టులో మలుపులు తిరగకుండా, షాట్లు కొట్టకుండా నేరుగా స్కేట్ చేయడానికి ఫిజియో ఒప్పుకుంది. మీటర్‌లో 80 దాటాక, అక్టోబర్‌లో, ఆటకి పంపింది.

మధ్యలో, రెండు నెలలు కుంటిన పుణ్యమా అని, నడుము నిజంగానే పట్టేసింది. మా ఫిజియోనే అదే బిల్డింగ్‌లో ఉన్న ఇంకో కైరోప్రాక్టర్ దగ్గరికి పంపింది. ఈయన ముందు నన్ను నడిపించి చూశారు, ఆవిడ నోట్స్ చదివారు. "ఐదు సిట్టింగ్‌లు చూద్దాం, తగ్గకపోతే నా దగ్గరికి రావడం ఆపేయండి" అన్నారు. నడుం కింద బల్ల ముక్క దబ్బున దిగే డ్రాప్ టేబుల్ వాడారు. రెండు రోజులు నడుం వదులుగా ఉండేది, ఆ రెండు రోజుల్లో వ్యాయామాలు బాగా సాగేవి. నాకు కైరో అసలు ఉపయోగం అదే. ఐదో సిట్టింగ్‌తో ఆయనే ఆపేశారు. మెడ మాత్రం విరిపించుకోలేదు. మెడ దగ్గర రక్తనాళం లోపలి పొర చిరిగి స్ట్రోక్ రావడం చాలా అరుదైనా జరగొచ్చని సంతకం పెట్టే కాగితంలోనే ఉంటుంది. వద్దంటే ఆయన ఒక్క మాట కూడా అనలేదు. తలకి దెబ్బ తగిలినవాళ్లైతే ముందు డాక్టర్‌కే చూపించుకోవాలి.

ఖర్చు: నా వయసువాళ్లకి మామూలుగా ఓహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఈ రెండింటికీ ఇవ్వదు. కైరోని 2004లోనే తీసేశారు. ఫిజియోకి మొదటి విజిట్ 115, తర్వాత పది విజిట్లు 90 చొప్పున, మొత్తం 1015 డాలర్లు. అందులో ఆఫీసు ఇన్సూరెన్స్ 750 ఇచ్చింది. కైరోకి ఉన్న 500 మొదటి క్లినిక్‌లోనే కరిగిపోయాయి కాబట్టి రెండో ఆయనకి 275 జేబులోంచి పెట్టుకున్నాను.

ఇంకో మాట, ఇది నాది కాదు, మా రింక్‌లో చూసింది. చీలమండ మడత పడితే ఎక్స్‌రే కావాలా వద్దా చెప్పే నియమాలు 1990ల మొదట్లో మా ఊరి డాక్టర్లే తయారుచేశారు, వాటి పేరే ఒటావా యాంకిల్ రూల్స్. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనక అంచు నొక్కితే నొప్పి ఉన్నా ముందు ఎక్స్‌రే, తర్వాతే ఎవరి చెయ్యైనా. చేతి మీద పడి, బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొప్పి ఉంటే మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా వదిలేయకండి. అక్కడి చిన్న ఎముక విరిగినా మొదట్లో కనపడకపోవచ్చు.

2024 వేసవిలో ఐదు వారాలు ఇండియా వెళ్లాను. పెళ్లిళ్లు, ప్రయాణాలు, వ్యాయామం ఒక్క రోజూ చేయలేదు. సెప్టెంబర్‌లో రెండో ప్రాక్టీస్‌లోనే ఆ చోట చురుక్కుమంది. ఈసారి సాగదీయలేదు, పరిగెత్తలేదు. మళ్లీ బంతి తీసుకుని మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాను, మూడు వారాల్లో సర్దుకుంది. 2025 జనవరిలో కెనాల్ తెరిచినప్పుడు ఒక కొస నుంచి ఇంకో కొసకి ఆగకుండా వెళ్లాను.

ప్లాంక్ వారానికి రెండుసార్లు ఇప్పటికీ చేస్తాను. ఒక్కో కాలికి ముప్పై సెకన్లు. మా సోఫా తేలిక, కాలు పెట్టి బరువు వేస్తే జారిపోతుంది. పోయిన వేసవిలో అమ్మ వచ్చినప్పుడు, నేను మ్యాట్ పరవగానే కాఫీ గ్లాసు తీసుకుని వచ్చి సోఫా మీద కూర్చునేది.