లోక్-1 గోధుమ: తొమ్మిది యాసంగుల తర్వాత

గోధుమ విత్తనం ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: శివరాత్రి నాటికి గింజ గట్టిపడాలి. దిగుబడి, కంకి పొడవు, చపాతీ మెత్తదనం ఇవన్నీ ఆ తర్వాతే. ఆదిలాబాద్ జిల్లాలో పెన్‌గంగ ఒడ్డున ఉన్న మా నల్లరేగడిలో గట్టి చలి ఉండేది రెండున్నర నెలలే. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అన్నది అందరికీ సామెత, గోధుమ వేసేవాడికి మాత్రం గడువు.

లోక్-1 ఆ గడువు ఎప్పుడూ తప్పలేదు. సోయా తీసిన చేనులో నవంబర్ మొదటి పదిహేను రోజుల్లో గొర్రుతో వేస్తాను, ఎకరానికి 40 కిలోలు. నూట అయిదు, నూట పది రోజుల్లో కోత. గుజరాత్‌లో సణోసరా అనే ఊళ్లోని లోక్‌భారతి సంస్థలో పుట్టిన రకం ఇది. వయసు నలభై ఏళ్లు దాటింది. మాకు యవత్మాల్ చుట్టాల ద్వారా వచ్చింది. గింజ లావు, చూడగానే గుర్తుపట్టొచ్చు.

ఇంత నమ్మకం నాకు మొదటి నుంచీ లేదు. 2021లో నేనే దాన్ని పక్కన పెట్టబోయాను.

ఆ అక్టోబర్‌లో సోయా కోతకు వచ్చిన హార్వెస్టర్ డ్రైవర్, పంజాబ్ మనిషి, మా ఇంట్లో చాయ్ తాగుతూ మా దిగుబడి విని నవ్వాడు. వాళ్ల దగ్గర ఎకరానికి 20 క్వింటాళ్లు మామూలట. మాకు తొమ్మిదొస్తే పండగ. నెల తిరగకుండా వాళ్ల ఊరి లారీలో ఒక బస్తా పంపాడు, హెచ్‌డీ-2967. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ల రకం, ఉత్తరాది మైదానాల్లో పేరు మోసింది. నవంబర్ 18న ఒకే బోరు కింద పక్కపక్కనే అది ఎకరం, లోక్-1 ఎకరం వేశాను. తడులూ ఒకే రోజు, యూరియా కూడా ఒకే లెక్క.

సంక్రాంతికి చూడాలి దాని వైభవం! పిలకలు దట్టంగా, ఆకు ముదురు పచ్చగా ఉంది. దారిన పోయేవాళ్లు బండి ఆపి అడిగారు. లోక్-1 దాని పక్కన బక్కగా, అప్పటికే వెన్ను తీసి ముసలిదానిలా కనిపించింది. వచ్చే ఏడు రెండెకరాలూ ఇదేనని ఇంట్లో చెప్పేశాను.

ఆ ఏడాది శివరాత్రి మార్చి 1న వచ్చింది. గుడి నుంచి వస్తూ చేను దగ్గర ఆగాను. లోక్-1 కంకి నలిపి ఒక గింజ పంటికింద వేస్తే కటుక్కుమంది. గట్టు దాటి హెచ్‌డీ గింజ గోటితో నొక్కితే తెల్లటి పాలు వేలి మీదకు కారాయి. మా వేడికి అది పంజాబ్‌లోకంటే ముందే వెన్ను తీసింది, అయినా లోక్-1 కంటే మూడు వారాలు వెనక. వాళ్లకు ఆ మూడు వారాలు లెక్కే కాదు, బైశాఖీ దాకా కోత ఉండదు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది.

తర్వాత జరిగింది చూస్తూ ఊరుకోవడమే. రెండు తడులు అదనంగా ఇచ్చాను. బోరు నీళ్లతో వేర్లు చల్లబడ్డాయేమో గానీ, ఎండ పడేది కంకి మీద. మార్చి రెండో వారంలో చేను పండలేదు, ఎండింది. రెండింటికీ తేడా ఉంది: పండితే బంగారు రంగు వస్తుంది, ఎండితే బూడిద తెలుపు. నూర్చాక అదే సంచి లోక్-1తో నింపితే 62 కిలోలు తూగింది, దీంతో నింపితే 51. హెచ్‌డీ ఎకరం మొత్తం కలిపి నాలుగున్నర క్వింటాళ్లు. గిర్నిలో పోస్తుంటే పిండి పట్టే ఆయన గింజలు అరచేతిలో వేసుకుని "ఇది గోధుమా, జీలకర్రా?" అన్నాడు.

కోపంతో సర్దార్జీకి ఫోన్ చేశాను. ఆయనే ముందు మొదలుపెట్టాడు: వాళ్ల గింజ కూడా నొక్కుకుపోయిందట. 1901 నుంచి లెక్కలు చూస్తే దేశంలో అంత వేడి మార్చి మరొకటి లేదని తర్వాత పేపర్లో చదివాను. మే నెలలో ప్రభుత్వం గోధుమ ఎగుమతులే ఆపేసింది. కాబట్టి నా ఒక్క ఏడాది పరీక్షతో హెచ్‌డీని పూర్తిగా తీసిపారేయడం న్యాయం కాదేమో. అయినా నేను మళ్లీ వేయను. చల్లటి మార్చి వస్తుందని పందెం కాయడానికి నాకున్నవి రెండెకరాలే.

లోక్-1ను నేను మరీ ఎక్కువ పొగిడానేమో కూడా. తుప్పు తెగులుకు అది తట్టుకోలేదు. 2020 జనవరిలో వారం రోజులు మబ్బు, పొద్దున మంచు. చేనులో నడిచి వస్తే తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా ఇటుక పొడి అంటినట్టు అయ్యింది. మందు కొట్టినా ఆ ఏడు ఆరు క్వింటాళ్లు దాటలేదు. అప్పుడది చెప్పుకోవడం నాకు నామోషీగా అనిపించింది.

అందుకే మూడేళ్లుగా అరెకరం మాక్స్-6222 వేస్తున్నాను. పుణెలోని అగార్కర్ సంస్థ మనలాంటి దక్షిణాది వాతావరణానికే చేసిన రకం. కాలం దాదాపు లోక్-1 అంతే, తుప్పు ఇంతవరకు కనిపించలేదు. మూడేళ్లలో ఒక్కసారీ అలాంటి మబ్బు పట్టలేదు కాబట్టి ఇప్పుడే సర్టిఫికెట్ ఇవ్వను. చపాతీ విషయంలో మా అమ్మ ఓటు మాత్రం లోక్-1కే.

నేను వేసేది ఇంటి తిండికి, అక్కచెల్లెళ్లకు పంపడానికి. అమ్మకానికి వేసేవాళ్ల లెక్క వేరు. పత్తి చివరి ఏరు అయ్యాక, డిసెంబర్ ఆఖరులో గోధుమ వేద్దామనుకునేవాళ్లకు లోక్-1 కూడా గట్టెక్కిస్తుందని నేను చెప్పలేను. మా బావ అలాగే వేసి రెండుసార్లు తాలు గింజలు తెచ్చుకున్నాడు, ఇప్పుడు శెనగ వేస్తున్నాడు. బోరు లేని వాళ్ల సంగతి నా అనుభవంలో లేదు.

పోయిన అక్టోబర్‌లో సర్దార్జీ మళ్లీ వచ్చాడు. లోక్-1 చపాతీలు పెట్టాం. నాలుగు తిన్నాడు, అయిదోది చేతిలోకి తీసుకుంటూ పిండి బాగుందన్నాడు. విత్తనం మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.