నెమ్మదిగా సాగే ట్రోలింగ్‌కి ఏ మోటార్ మేలు?

ట్రోలింగ్ కోసం ఔట్‌బోర్డ్ మోటార్ (పడవ వెనక బయటివైపు బిగించేది) కొనబోయేవాళ్ళు మొదట అడిగేది "ఎన్ని హార్స్‌పవర్?" అనే. నా దృష్టిలో అంతకంటే ముందు అడగాల్సింది వేరే ఉంది. ఈ మోటార్ ఎంత నెమ్మదిగా నడవగలదు? ఆ వేగాన్ని ఎన్ని గంటలపాటు మారకుండా పట్టుకోగలదు? పడవను పరిగెత్తించే మోటార్లు చాలా దొరుకుతాయి. తాపీగా నడిపించేవి తక్కువ.

ఇక్కడ ట్రోలింగ్ అంటే దారం చివర ఎర కట్టి పడవ వెనక లాగుతూ పోవడం. వలను ఈడ్చుకుపోయే ట్రాలింగ్ వేరు. సముద్రంలో ట్యూనా లాంటి చేపల కోసం ఎరను గంటకు 11 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో లాగుతారు. ఆ పనికి మోటార్ ఎంపిక పెద్ద సమస్య కాదు. చిక్కంతా ట్రౌట్, సాల్మన్ లాంటి చేపల దగ్గరే. వాటికి గంటకు 2 నుంచి 5 కిలోమీటర్లు చాలు, అంటే మనిషి నడక వేగం. ఈ వేగాల్లో అర కిలోమీటరు తేడా వచ్చినా ఎర తీరు మారిపోతుంది. చెంచా ఆకారంలో ఉండే స్పూన్ ఎర మరీ నెమ్మదిస్తే ఊగడం మానేసి వేలాడుతుంది, వేగం ఎక్కువైతే గిరగిరా తిరిగి దారాన్ని మెలి పెట్టేస్తుంది.

మన ముందున్న దారులు మూడు. పడవకు ఇప్పటికే ఉన్న పెద్ద మోటార్‌తోనే సరిపెట్టుకోవడం, దాని పక్కన కిక్కర్ అనే చిన్న పెట్రోల్ మోటార్ బిగించడం, లేదా బ్యాటరీతో నడిచే ట్రోలింగ్ మోటార్ పెట్టుకోవడం.

పెద్ద మోటార్ సంగతి ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. ఐడిల్‌లో, అంటే ఇంజన్ ఆగిపోకుండా తిరిగే కనీస వేగంలో, అది నిమిషానికి 700 చుట్లు తిరుగుతోందనుకుందాం. గేర్ నిష్పత్తి 2:1 అయితే ప్రొపెల్లర్ 350 చుట్లు తిరుగుతుంది. దాని పిచ్ 17 అంగుళాలు, అంటే జారుడు లేకపోతే ఒక్కో చుట్టుకు 43 సెంటీమీటర్లు ముందుకు పోవాలి. గంటకు 9 కిలోమీటర్లు! నీటిలో ప్రొపెల్లర్ జారుతుంది కాబట్టి నిజంగా అంత వేగం రాదు. అయినా చాలా పడవల్లో మనకు కావలసిన దానికంటే ఎక్కువే వస్తుంది. వేగం మార్చే హ్యాండిల్‌ని ఎంత వెనక్కి లాగినా ఐడిల్ కంటే కిందికి పోలేం కదా.

దీనికి కంపెనీలు ఒక మందు కనిపెట్టాయి. సుజుకి, హోండా, యమహా పెద్ద ఫోర్-స్ట్రోక్ మోటార్లలో కొన్నింటికి ట్రోల్ కంట్రోల్ ఉంటుంది. దానితో ఇంజన్ చుట్లను 50 చొప్పున పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వేగాన్ని నిలకడగా ఉంచడానికి ఇది చాలా బాగా పనికొస్తుంది. కానీ ఐడిల్‌కి అటూ ఇటూ మాత్రమే ఆడుతుంది కాబట్టి బరువైన పడవలో, పెద్ద ప్రొపెల్లర్ ఉన్నప్పుడు చాలినంత నెమ్మది రాకపోవచ్చు. అప్పుడు నీటి గొడుగులాంటి డ్రిఫ్ట్ సాక్‌ని పడవ పక్కన కట్టి ఈడుస్తారు, లేదా ప్రొపెల్లర్ వెనక ట్రోలింగ్ ప్లేట్ అనే రేకు దించుతారు. రెండూ పనిచేస్తాయి. ప్లేట్‌తో మాత్రం జాగ్రత్త. ఒకసారి సాయంత్రం గాలి లేవడంతో గట్టుకు చేరాలన్న కంగారులో నేను దాన్ని పైకెత్తడం మరిచి హ్యాండిల్ తోశాను. రేకు వంగిపోయింది, బిగించిన బోల్టు ఊడి నీళ్ళపాలైంది. ఇప్పుడు ప్లేట్ దించినప్పుడల్లా హ్యాండిల్‌కి ఎర్ర గుడ్డ కడతాను.

అన్నిటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంజన్ ఆరోగ్యం. పాత కార్బ్యురేటర్ టూ-స్ట్రోక్ మోటార్లు 50 పాళ్ళ పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్ కలిపి తాగుతాయి. గంటల తరబడి నెమ్మదిగా తిప్పితే ఆ ఆయిల్ మసిగా మారి స్పార్క్ ప్లగ్‌ల మీద పేరుకుంటుంది, ఇంజన్ దగ్గుతుంది, ఆగిపోతుంది. పైగా అవి పెట్రోల్‌లో దాదాపు పావు వంతు కాల్చకుండానే నీళ్ళలోకి వదిలేస్తాయి. చేప బతికే నీళ్ళు అవే. అందుకే వాటిని ట్రోలింగ్‌కి నేను సిఫారసు చెయ్యను.

ఫోర్-స్ట్రోక్‌కి ఈ మసి బాధ లేదు గానీ ఇంకొకటి ఉంది. చల్లటి నీటిలో చాలాసేపు ఐడిల్‌లో నడిస్తే ఇంజన్ తగినంత వేడెక్కదు. కాలని పెట్రోల్ పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. కొలపుల్ల తీసి చూస్తే ఆయిల్ తగ్గకపోగా పెరిగి కనిపిస్తుంది, పెట్రోల్ వాసన వస్తుంది. కొత్తది కదా, ఆయిల్ తాగడం లేదని సంతోషపడతాం. కానీ పలచబడిన ఆయిల్ ఇంజన్ని కాపాడలేదు. మధ్యమధ్యలో కొన్ని నిమిషాలు ఇంజన్ని గట్టిగా నడిపి వేడెక్కిస్తే ఈ సమస్య చాలావరకు తగ్గుతుంది. ఇంకో విషయం, ట్రోలింగ్ గంటలన్నీ ఆ ఖరీదైన మోటార్ మీటర్‌లోనే పడతాయి. సర్వీసు సాధారణంగా 100 గంటలకోసారి. రోజుకు 8 గంటలు ట్రోల్ చేస్తే పన్నెండు రోజులకే అది ముందుకొచ్చి నిలబడుతుంది.

అందుకే కిక్కర్. 6 నుంచి 15 హార్స్‌పవర్ మధ్య ఉండే ఈ చిన్న మోటార్లలో అందరి నోటా వినిపించేది 9.9. కానీ 9.9 అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. మామూలు మోడల్ ఉంటుంది, హై థ్రస్ట్ మోడల్ ఉంటుంది. మామూలు యమహా ఎఫ్9.9 గేర్ నిష్పత్తి 2.08:1, హై థ్రస్ట్ టీ9.9ది 2.92:1. మెర్క్యురీలోనూ మామూలు 9.9కి 2.08:1 ఉంటే, ప్రోకిక్కర్‌కి 2.42:1. హార్స్‌పవర్ అదే అయినా హై థ్రస్ట్ మోడల్‌లో ప్రొపెల్లర్ పెద్దదిగా ఉండి, నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరుగుతుంది.

పాత లెక్కే మళ్ళీ వేద్దాం. ఇంజన్ 950 చుట్లు, గేర్ 2.92, పిచ్ 9 అంగుళాలు అనుకుంటే గంటకు నాలుగున్నర కిలోమీటర్లు వస్తుంది. జారుడువల్ల తగ్గేది తీసేస్తే సరిగ్గా మనకు కావలసిన చోటికి చేరుతుంది. గాలి ఎదురైతే హ్యాండిల్ కొంచెం తిప్పుకోవడానికి పైన బోలెడు ఖాళీ ఉంది. ఇంజన్ ఐడిల్‌లో మూలుగుతూ కాకుండా హాయిగా పనిచేస్తుంది కాబట్టి వేడి కూడా నిలబడుతుంది. పెద్ద మోటార్ నడిమధ్యలో మొరాయిస్తే గట్టుకు చేర్చేదీ ఇదే. నేను ఒడ్డు కనిపించనంత దూరం ధైర్యంగా వెళ్ళడానికి కారణం వెనక ఉన్న ఆ రెండో మోటారే.

కిక్కర్‌కి కష్టాలు లేకపోలేదు. హై థ్రస్ట్ రకం 50 కిలోల దాకా బరువుంటుంది, అదంతా పడవ వెనక ఒక పక్కనే పడుతుంది. నడిమధ్యలో కాకుండా పక్కన ఉండటంవల్ల పడవ ఊగినప్పుడు ప్రొపెల్లర్ నీళ్ళ పైకి వచ్చి గాలిని తిప్పుతుంది. కాబట్టి షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ని నీటిలోకి దించే కాడ) పొడవు దగ్గర పొదుపు వద్దు. 15, 20, 25 అంగుళాలు అని మూడు రకాలు దొరుకుతాయి. పెద్ద పడవకు 25 అంగుళాలదే తీసుకోండి. స్టీరింగ్ కోసం కిక్కర్‌ని పెద్ద మోటార్‌తో ఒక కడ్డీతో కలిపితే ముందున్న చక్రం తిప్పితే చాలు, రెండూ కలిసి తిరుగుతాయి. కార్బ్యురేటర్ కంటే ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఉన్నది మేలు. చలి ఉదయాల్లో ఒక్క దెబ్బకు స్టార్ట్ అవుతుంది, తక్కువ చుట్లలో ఆగిపోదు.

ఇక ఎలక్ట్రిక్. దీని బలాన్ని హార్స్‌పవర్‌లో కాక పౌండ్ల థ్రస్ట్‌లో, అంటే అది పడవని నెట్టే బలంలో, చెబుతారు. సామానుతో, మనుషులతో కలిపి పడవ బరువు ప్రతి 45 కిలోలకు కనీసం 2 పౌండ్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే 900 కిలోల పడవకు 40. గాలిని దృష్టిలో పెట్టుకుంటే 55. ఆ 55 పౌండ్ల మోటార్ 12 వోల్టుల మీద పూర్తి జోరులో 50 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 600 వాట్లు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. దాదాపు టన్ను బరువున్న పడవని ఒక్క హార్స్‌పవర్ కూడా లేని మోటార్ నడక వేగంతో లాగేస్తోంది! హార్స్‌పవర్ కంటే ముందు అడగాల్సింది వేరే ఉందని మొదట్లో అన్నది అందుకే.

నిశ్శబ్దంలో, సన్నటి వేగం సర్దుబాటులో ఎలక్ట్రిక్‌ని మించినది లేదు. లోతు తక్కువ ఉన్నచోట చేప బెదరదు. ముందు భాగంలో బిగిస్తే పడవని వెనకనుంచి తొయ్యకుండా ముందునుంచి లాగుతుంది, అందువల్ల గాలిలోనూ దారి తప్పదు. జీపీఎస్ ఉన్నవి గీసిన గీత మీదే నడుస్తాయి, లంగరు వెయ్యకుండా ఒకేచోట నిలబెడతాయి.

బలహీనత బ్యాటరీ. 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చెయ్యకూడదంటారు, కాబట్టి పూర్తి జోరులో గంటసేపు వస్తుంది. 12 ఆంపియర్లతో నెమ్మదిగా నడిపితే నాలుగు గంటలు. లిథియం అయితే దాదాపు రెట్టింపు, బరువు సగంకంటే తక్కువ. నీటిలో పడవ వేగం రెట్టింపు చెయ్యాలంటే సుమారు ఎనిమిది రెట్లు శక్తి కావాలి. కాబట్టి కొంచెం తొందరపడినా చార్జింగ్ ఇట్టే కరిగిపోతుంది. ఎదురుగాలిలో రోజంతా లాగడం దీనివల్ల కాదు.

నా తీర్పు ఇలా ఉంటుంది. ఐదు మీటర్లలోపు తేలికపాటి పడవైతే రెండు మోటార్లు వద్దు. 9.9 నుంచి 20 లోపు ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఫోర్-స్ట్రోక్ ఒకటి చాలు, దానికి తక్కువ పిచ్ ప్రొపెల్లర్ వేసుకోండి. చిన్న చెరువు, మూడు నాలుగు గంటల వేట అయితే ఎలక్ట్రిక్. 100 హార్స్‌పవర్ పైన మోటార్ ఉన్న బరువైన పడవలో రోజంతా ట్రోల్ చేసేవాళ్ళకు హై థ్రస్ట్ కిక్కరే నా ఓటు. ముందు ఎలక్ట్రిక్ కూడా పెట్టుకోగలిగితే ఇంకా మంచిది: కిక్కర్ తోస్తుంది, ఎలక్ట్రిక్ దారి దిద్దుతుంది. కొత్త కిక్కర్ ఇప్పుడే వద్దనుకుంటే, ట్రోల్ కంట్రోల్ ఉన్న పెద్ద మోటార్‌తో, ఒక డ్రిఫ్ట్ సాక్‌తో ఒక కాలం గడపొచ్చు.

ఏది కొనాలనుకున్నా వీలైతే ముందు నీళ్ళమీద నడిపి చూడండి. ఫోన్‌లో జీపీఎస్ వేగం పెట్టుకుని, గేర్ వేసి ఐడిల్‌లో వదిలేయండి. గాలికి ఎదురుగా ఐదు నిమిషాలు, గాలివాలున ఐదు నిమిషాలు పోనివ్వండి. గాలివాలున వచ్చే అంకెనే నమ్మండి, వేగం చేయి దాటిపోయేది అక్కడే.