ట్యాక్స్ క్రెడిట్ ఇల్లా, వోచరా?

న్యూజెర్సీలో ఇల్లు కొనే మన తెలుగువాళ్లు ముందు అడిగేది స్కూళ్ల గురించే. ఆ స్కూళ్లున్న ఊళ్లలోకి తక్కువ జీతం వాళ్లు అద్దెకు రావాలంటే ఉన్న దారుల్లో రెండు: ట్యాక్స్ క్రెడిట్‌తో కట్టిన అపార్ట్‌మెంట్, లేదంటే అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టే సెక్షన్ 8 వోచర్.

1986లో వచ్చిన ట్యాక్స్ క్రెడిట్‌లో అద్దెకుండేవాళ్ల చేతికి పైసా రాదు. పదేళ్లపాటు పన్ను తగ్గించుకునే హక్కు బిల్డర్‌కి ఇస్తారు, అతను దాన్ని బ్యాంకుల్లాంటి పెట్టుబడిదారులకు ఇచ్చి వాళ్లు పెట్టే డబ్బుతో కడతాడు, బదులుగా మామూలుగా కనీసం 30 ఏళ్లు అద్దెలు పరిమితిలో ఉంచాలి. చిక్కేంటంటే ఆ పరిమితి ఆ ప్రాంతపు ఆదాయాల్ని బట్టి ఉంటుంది, అంటే మీ జీతం సగమైపోయినా అద్దె తగ్గదు.

వోచర్ అలా కాదు. నెలకు 2,000 డాలర్లు వస్తే సుమారు 600 మీరు కడతారు, మిగతాది ఒక హద్దు వరకు ప్రభుత్వం ఇస్తుంది. వినడానికి ఇదే బాగుంది. కానీ వెయిటింగ్ లిస్టు ఏళ్ల తరబడి, పైగా ఊళ్లో అన్నీ సొంత బంగళాలే అయితే వోచర్ పట్టుకుని ఏం చేసుకోవాలి?

అందుకే సంపన్నుల ఊళ్లలో నా ఓటు క్రెడిట్‌కే. కాకపోతే కట్టనివ్వాలి కదా! న్యూజెర్సీలోనే మౌంట్ లారెల్ అనే ఊళ్లో, తక్కువ జీతం వాళ్లకు ఇళ్లు కట్టనివ్వాలని ఎథెల్ లారెన్స్ అనే స్థానికురాలు, మరికొందరు 1971లో కోర్టుకెక్కితే, ఆమె పేరు పెట్టిన ఇళ్లలోకి జనం దిగడానికి దాదాపు ముప్ఫై ఏళ్లు పట్టింది, అప్పటికి ఆమె లేరు. ఇళ్ల ధరలు పడిపోతాయని చుట్టుపక్కల వాళ్లకు ఒకటే టెన్షన్, తీరా ప్రిన్స్‌టన్ పరిశోధకులు లెక్కలు తీస్తే అలాంటిదేమీ కనబడలేదు.

అన్నట్టు, వోచర్ ఉందన్న కారణంతో క్రెడిట్ బిల్డింగు వాళ్లు ‘ఇల్లు ఇవ్వం’ అనడానికి చట్టం ఒప్పుకోదు. రెండూ దొరికితే ఇక చెప్పేదేముంది.