శవపేటిక గేటు దాకా వచ్చాక రేటు పెంచారు, జాగ్రత్త

సిటీలో చర్చిల ఉమ్మడి కమిటీ చూసే ఆ పాత సమాధుల తోట మనవాళ్లందరికీ తెలిసిందే, పేరు రాయట్లేదు. పోయిన వారం నాన్నని అక్కడే భూస్థాపన చేశాం. అమ్మ సమాధిలోనే తననూ పెట్టాలని ఆయన కోరిక. కొత్త స్థలం ఎలాగూ ఇవ్వట్లేదు, ఫ్యామిలీ గ్రేవ్ ఉంటే దాన్నే మళ్లీ తెరుస్తారు. పాస్టర్ గారి లెటర్, అమ్మ సమాధి రసీదు, డాక్టర్ సర్టిఫికెట్ అన్నీ ఇచ్చాం. తవ్వకానికి, బండ తీసి మళ్లీ పెట్టడానికి కలిపి 18,000 అన్నాడు గుమాస్తా. పొద్దున్నే కట్టేశాం.

చర్చిలో ఆరాధన అయ్యాక పెట్టెతో వెళ్తే పెద్ద గేటుకు తాళం. నేనూ తమ్ముడూ చిన్న గేటులోంచి లోపలికెళ్లాం. అమ్మ సమాధి మీది గ్రానైట్ బండ తీసి పక్క సమాధికి ఆనించారు. గుంత మోకాలి లోతు కూడా లేదు. తవ్వేవాళ్లు పారలు పక్కన పడేసి కూర్చున్నారు, ఆఫీసువాళ్లు ఆపమన్నారట.

ఇంకో 25,000 కట్టాలన్నాడు గుమాస్తా. గుంత చుట్టూ కాంక్రీటు గోడ కట్టాలట, అమ్మ పోయినప్పటి నుంచి మెయింటెనెన్స్ బాకీ ఉందట. పొద్దున డబ్బు లెక్కపెట్టుకున్నప్పుడు ఎందుకు చెప్పలేదని గేటు దగ్గర నిలదీస్తే, సెల్‌ఫోన్ లోంచి తలెత్తకుండా "కట్టకపోతే వేరేచోటికి తీసుకెళ్లండమ్మా, మాకేం తొందర లేదు" అన్నాడు. ఎండలో పెట్టె పక్కనే నిలబడ్డ మా మేనత్త ఆ మాట వింది. తమ్ముణ్ని సాగనంపడానికి వచ్చిన పెద్దావిడ, వింటూనే అక్కడే కూలబడింది. ఆ తోట ప్రహరీ కోసం ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేసిన మనిషి మా నాన్న! ఆ టైములో ఎవరం బేరమాడతాం? బావ ఫోన్‌లో డబ్బు కొట్టాడు, అప్పుడు తవ్వకం మొదలైంది. కాంక్రీటు గోడ మాత్రం కట్టలేదు.

రసీదు అడిగితే 'విరాళం' అని 10,000కే రాసిచ్చారు. ఖననం చేసినట్టు ఇవ్వాల్సిన చీటీకి రేపు రా, ఎల్లుండి రా అని తిప్పుతున్నారు. నాన్న ఇంట్లోనే పోయారు, ఆ చీటీ లేక మున్సిపాలిటీలో డెత్ సర్టిఫికెట్ పని ఆగిపోయింది. 21 రోజుల్లో నమోదు కాకపోతే లేటు ఫీజు, 30 దాటితే పైఅధికారి అనుమతి, అదో టెన్షన్. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం శ్మశానం చూసుకునేవాళ్లకూ రిజిస్ట్రారుకు తెలిపే బాధ్యత ఉంది. ఆ సంగతి చెప్తే విననట్టే ఊరుకున్నారు.

ఫ్యామిలీ గ్రేవ్ ఉన్నవాళ్లు బాకీ ఎంతో ఇప్పుడే రాతపూర్వకంగా అడిగి, కట్టి, రసీదు దాచుకోండి. భూస్థాపన రోజు మొత్తం ఖర్చు కమిటీ స్టాంపుతో రాయించాకే డబ్బివ్వండి, ఖననం చీటీ చేతికొచ్చాకే కదలండి. మా 25,000కి లెక్క చూపమని కమిటీకి అర్జీ పెట్టాం, చర్చి పెద్దలకూ కాపీ ఇచ్చాం.